శ్రీహరికోటకు మారేముందు: ఒక దీవిని ఎలా తెలుసుకోవాలి?

వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. బస్‌లోనో మెట్రోలోనో ఉంటే చదువుకోండి.

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక గొడవతో మొదలైంది. మా చెల్లికి శ్రీహరికోటలో జాబ్ వచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదివింది, ఇంటర్ నుంచి రాకెట్ల పిచ్చి. మెయిల్ వచ్చిన రోజు గన్‌ఫౌండ్రీలో మా ఫ్లాట్ మొత్తానికి స్వీట్లు పంచింది. నాన్న హ్యాపీ, నేను హ్యాపీ. అమ్మ మాత్రం ఒక్కటే మాట అడిగింది: "అది దీవి కదా?"

అవునమ్మా అన్నాం. "అయితే వద్దు" అంది. అంతే, రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన అప్పుడు తనకి ఏడేళ్ళు. ఆ రాత్రి తన తమ్ముడు, మూడేళ్ళవాడు, నీళ్ళలో పోయాడు. ఈ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. కాబట్టి అమ్మ "వద్దు" అన్నప్పుడు "నీకు తెలీదులే అమ్మా" అనే రైట్ మాకెవరికీ లేదు. అమ్మకి తెలుసు. తెలియంది మాకే.

నాకూ ఒక పాత దెబ్బ ఉంది. 2019 జూన్‌లో బీటెక్ అయ్యి చెన్నైలో ఫస్ట్ జాబ్‌లో జాయిన్ అయ్యాను. ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి రూమ్‌కి అడ్వాన్స్ కట్టేశాను. దిగాక తెలిసింది, బిల్డింగ్ బోరు ఎండిపోయిందని. ఆ ఎండాకాలం చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, నాలుగు చెరువులూ దాదాపు ఖాళీ అయిపోయాయి. నాలుగు నెలలు ట్యాంకర్ వెనక బిందె పట్టుకుని పరిగెత్తాను. ఫొటోలో నీళ్ళు రాని కుళాయి కూడా వచ్చే కుళాయిలాగే ఉంటుంది కదా!

అందుకే చెల్లి జాయినింగ్‌కి ముందు డిసైడ్ అయ్యాను. ఈసారి ఊరు చూసే దిగుతాం. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ వీడియో కోసం ఆల్రెడీ ఒకసారి వెళ్ళాను. మే నెలలో మళ్ళీ వెళ్ళాను. ఆ రెండు ట్రిప్పుల్లో చూసింది, దాని వెనకున్న సైన్స్, అన్నీ కలిపి ఈరోజు చెప్తాను.

ఇది ఎలాంటి దీవి?

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. దీవి అనే మాట ఒకటే, రకాలు చాలా. దివిసీమ కృష్ణా నది పాయల మధ్య ఒండ్రు మట్టితో ఏర్పడిన దీవి. శ్రీహరికోట ఏర్పడిన తీరు వేరు. అది బ్యారియర్ ఐలాండ్. అంటే తీరానికి సమాంతరంగా, సముద్రానికీ ప్రధాన భూభాగానికీ మధ్య గోడలా అడ్డంగా పడుకున్న ఇసుక దీవి.

మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు, మధ్యలో పొడుగ్గా కదురు ఆకారంలో ఒక పచ్చటి ముక్క. అదే శ్రీహరికోట. చెన్నైకి సుమారు 80 కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఎలా ఏర్పడుతుంది ఇలాంటి దీవి? అలలు తీరాన్ని నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా తాకుతాయి. వచ్చేటప్పుడు ఇసుకని పక్కకి తోస్తాయి, వెనక్కి పోయేటప్పుడు కిందికి లాగుతాయి. ఇలా ప్రతి అలకీ ఇసుక రేణువు కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది. మన తూర్పు తీరంలో సంవత్సరం మొత్తం లెక్క చూస్తే ఈ ప్రయాణం దక్షిణం నుంచి ఉత్తరానికి. సముద్ర మట్టం ఒక స్థాయికి వచ్చి నిలబడ్డాక, కొన్ని వేల ఏళ్ళ పాటు ఇసుక ఇలా పేరుకుని దిబ్బలుగా, దిబ్బలు దీవిగా మారాయి. వెనక చిక్కుకున్న నీళ్ళే పులికాట్. మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఇసుక ఆగలేదు. ఇప్పటికీ కదుల్తూనే ఉంది. ఉత్తరాన రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోయి, చేపలు లోపలికి రాక జాలర్లు ఏళ్ళుగా ఇబ్బంది పడుతున్నారు. అంటే ఇలాంటి దీవి మీద ఉండేవాళ్ళు కదిలే నేల మీద ఉంటున్నట్టు లెక్క.

రాకెట్లు ఇక్కడే ఎందుకు?

మేముండే గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో రేమండ్ అనే ఫ్రెంచ్ సైన్యాధికారి నిజాం కోసం ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా అంటారు. ఫిరంగి గుండుకి ఏ దిక్కైనా ఒకటే, శత్రువు ఎటుంటే అటు పేలుస్తారు. రాకెట్‌కి అలా కాదు, దిక్కు చాలా ముఖ్యం.

భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. శ్రీహరికోట అక్షాంశం దగ్గర నేల సెకనుకి సుమారు 450 మీటర్ల వేగంతో, అంటే గంటకి 1,600 కిలోమీటర్లకి పైగా వేగంతో తూర్పుకి వెళ్తోంది. తూర్పుకి ప్రయోగిస్తే ఆ వేగం రాకెట్‌కి ఫ్రీగా వస్తుంది. ఇంకోటి, తూర్పున అంతా సముద్రమే. కింద పడే స్టేజీలు జనం మీద పడవు. అమెరికాలో కేప్ కెనావెరాల్ కూడా అట్లాంటిక్ తీరంలో ఇలాంటి బ్యారియర్ ఐలాండ్ మీదే ఉంది. కారణాలు కూడా ఇవే.

1969లో ఈ చోటు ఎంపికైంది. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్‌తో పని మొదలైంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 ఫెయిల్ అయింది, 1980 జూలై 18న సక్సెస్ అయింది. 2002లో సతీశ్ ధవన్ గారు చనిపోయాక ఆయన పేరు పెట్టారు. చంద్రయాన్-1 నుంచి 2023 జూలై 14న వెళ్ళిన చంద్రయాన్-3 దాకా అన్నీ ఇక్కడి నుంచే. 2025 జనవరి 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్15తో వందో ప్రయోగం అయింది. మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ని 2022 నవంబర్ 18న పంపింది కూడా ఇక్కడి నుంచే. సుమారు 145 చదరపు కిలోమీటర్ల స్థలం, 27 కిలోమీటర్ల తీరం. ఎక్కువ భాగం అడవే.

అయితే అది ఖాళీ స్థలమేమీ కాదు. అక్కడ యానాదులు ఉండేవాళ్ళు. తేనె, దుంపలు, మూలికలు, చేపలు, అదే వాళ్ళ బతుకు. ఆ అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసుకి పోయేవి. రాకెట్ కేంద్రం కోసం భూమి తీసుకున్నప్పుడు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మనకి గర్వంగా ఉండే చోటు ఇంకొకరికి పోయిన ఇల్లు. అక్కడికి వెళ్ళే ఉద్యోగికి ఇది తెలిసి ఉండాలి. చెల్లికి కూడా ఇదే చెప్పాను.

జనవరి చూసి మోసపోవద్దు

మొదటి ట్రిప్ జనవరి. రాత్రి నాంపల్లి స్టేషన్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున గూడూరులో దిగి, అక్కడి నుంచి లోకల్ ట్రైన్‌లో సూళ్లూరుపేట చేరాను. దీవికి దగ్గరి టౌన్ అదే. అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్ల రోడ్డు సరస్సు మధ్యలోంచి అటకానితిప్ప మీదుగా వెళ్తుంది. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో గులాబీ రంగు ఫ్లెమింగోలు. దగ్గర్లో నేలపట్టులో చెట్ల మీద గూడబాతులు. చల్లగా గాలి. "వావ్, ఇక్కడే సెటిల్ అయిపోవచ్చు" అని రీల్ కూడా పెట్టాను.

మే నెలలో అదే రోడ్డు. నీళ్ళు చాలా మేర వెనక్కి పోయాయి. పగిలిన బురద, దాని మీద తెల్లటి ఉప్పు పొర. పక్షుల్లేవు. రోహిణీ కార్తె ఎండ, దానికి తోడు సముద్రం తేమ. హైదరాబాద్‌లో 42 డిగ్రీలైనా నీడలోకి వెళ్తే చెమట ఆరుతుంది. అక్కడ 37 ఉన్నా ఆరదు. గాలిలో ఆల్రెడీ తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఫోన్‌లో టెంపరేచర్ ఒక్కటే చూడకండి, తేమ శాతం కూడా చూడండి.

నన్ను తీసుకెళ్ళిన ఆటో అన్నతో "రెండు సీజన్లూ చూసేశా" అన్నాను కొంచెం గొప్పగా. ఆయన నవ్వాడు. "ఇంకా అసలుది చూళ్ళేదు సామీ నువ్వు. కార్తీకంలో రా. వాన అప్పుడుండాది మాకు" అన్నాడు.

కరెక్టే. మనకి హైదరాబాద్‌లో వాన అంటే జూన్ నుంచి సెప్టెంబర్, నైరుతి రుతుపవనాలు. సూళ్లూరుపేట వైపు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్, ఈశాన్య రుతుపవనాలు. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆ నెలల్లోనే. కాళంగి నది పొంగితే సూళ్లూరుపేటలో పల్లపు వీధుల్లోకి నీళ్ళు వస్తాయి. అంటే దీవి మీద కాకుండా టౌన్‌లో ఇల్లు తీసుకుంటే సేఫ్ అనేది కూడా సగం నిజమే. ఏ టౌన్ అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఏ వీధి, ఏ ఫ్లోర్ అన్నది కూడా చూడాలి.

ఇసుక కింద మంచినీళ్ళు

చుట్టూ ఉప్పునీళ్ళు ఉన్న ఇసుక దీవిలో తాగే నీళ్ళు ఎలా దొరుకుతాయి? నాకు చాలా నచ్చిన పాయింట్ ఇది.

వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకుతాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళకంటే కొంచెం తేలిక. అందుకని లోపలికెళ్ళి ఉప్పునీటితో కలిసిపోకుండా దాని మీద తేలుతాయి, కటకం ఆకారంలో. లెక్క ఏంటంటే, సముద్ర మట్టం కంటే 1 మీటరు పైన మంచినీళ్ళు ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీళ్ళే ఉంటాయి. సూపర్ కదా?

ఇప్పుడు దీన్నే తిరగేయండి. బోరు వేసి తెగ తోడి ఆ మట్టాన్ని 1 మీటరు దించామనుకోండి. కింద నుంచి ఉప్పునీళ్ళు 40 మీటర్లు పైకి వస్తాయి. ఒకసారి బోరులో ఉప్పు పడితే మళ్ళీ మామూలవడానికి ఏళ్ళు పట్టొచ్చు. తీరంలో ఎక్కడైనా ఇదే సూత్రం. అందుకే పక్కపక్క వీధుల్లోనే ఒక బోరు తియ్యగా, ఇంకోటి చప్పగా, మూడోది ఉప్పగా ఉంటుంది.

నేను మూడొందలు పెట్టి ఒక టీడీఎస్ మీటర్ కొనుక్కుని వెళ్ళాను. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చెప్తుంది. మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. సూళ్లూరుపేటలో మూడు ఇళ్ళు చూశాను. ఫొటోల్లో మూడూ ఒకేలా ఉన్నాయి. కుళాయి తిప్పి మీటర్ పెడితే మూడు వేరే వేరే ఊళ్ళలా ఉన్నాయి. మీటర్ ఎక్కువ చూపించిన ఇంటి ఓనర్ గారు "క్యాన్ వాటర్ తెప్పించుకుంటారు కదమ్మా అందరూ" అన్నారు. తాగడానికి సరే, తలస్నానానికి కూడా క్యానేనా? 2019 బిందె గుర్తొచ్చింది. ఆ ఇల్లు వద్దనుకున్నాను.

ఉప్పుగాలి ఏం చేస్తుంది?

అలలు విరిగినప్పుడు సన్నటి ఉప్పు తుంపర గాలిలో కలుస్తుంది. ఉప్పుకి తేమని పీల్చుకునే గుణం ఉంది. ఇనుము మీద ఉప్పు, దాని మీద తేమ ఉంటే తుప్పు పట్టడం చాలా ఫాస్ట్. తలుపు బందులు, గేటు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, బైక్ చైన్ అన్నీ మన దగ్గరకంటే త్వరగా పోతాయి. ల్యాప్‌టాప్ పోర్టులు, ఫోన్ ఛార్జింగ్ పోర్టు కూడా అంతే. చెల్లికి ఇచ్చిన సలహాలు చిన్నవే. సిలికా జెల్ ప్యాకెట్లు పారేయకుండా దాచి బ్యాగులో వేసుకో. బైక్‌ని వారానికోసారి మంచినీళ్ళతో కడుగు. ఇంట్లో చూసిన వెంటనే కిటికీ గ్రిల్ కింది భాగం చూడు, గోడకి కొత్త రంగు వేసినా తుప్పు అబద్ధం చెప్పదు.

అసలు భయం: ఉప్పెన

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి వద్దాం. మే ట్రిప్ నుంచి వచ్చాక ఒక రాత్రి అమ్మతో కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో మ్యాప్ పెట్టి, నేను చదివింది చెప్పడం మొదలుపెట్టాను.

ఉప్పెనలో నీళ్ళు ఎందుకు లేస్తాయి? రెండు కారణాలు. తుపాను మధ్యలో గాలి పీడనం తక్కువ, అక్కడ సముద్రం ఉబ్బుతుంది. కానీ అది చిన్నది. పీడనం 1 మిల్లీబార్ తగ్గితే నీళ్ళు సుమారు 1 సెంటీమీటరు లేస్తాయి. పెద్ద తుపానులో 50 తగ్గినా అర మీటరే. అసలు పని గాలిది. గాలి సముద్రాన్ని తీరం మీదకి గంటల తరబడి తోస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీళ్ళు కిందకి పోలేవు, పైకి లేస్తాయి.

మరి గాలి ఎటు తోస్తుంది? మన అర్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకి రివర్స్‌లో తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకి వస్తున్న తుపానుని ఊహించుకోండి. దాని ఉత్తరం పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది. దక్షిణం పక్కన నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అంటే తుపాను తీరం దాటిన చోటుకి ఉత్తరాన ఉన్నవాళ్ళకి ఉప్పెన, దక్షిణాన ఉన్నవాళ్ళకి వాన, గాలి ఉన్నా సముద్రం అంతగా లేవదు.

1977లో తుపాను దివిసీమకి నైరుతి వైపున తీరం దాటింది. దివిసీమ దానికి కుడి పక్కన పడింది. దాదాపు 5 మీటర్ల నీటి గోడ. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది వరకు పోయారు.

ఇక్కడిదాకా చెప్పేసరికి అమ్మ మాట్లాడింది. "ఆ రోజు గాలి సముద్రం వైపు నుంచే వచ్చింది రా. నాన్న తూర్పు తలుపుకి బల్ల అడ్డం పెట్టాడు. పడమటి తలుపు తీసుంటే..." అని ఆపేసింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ రాత్రి ఇంకేం చెప్పలేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతూ తనే అడిగింది: "అయితే శ్రీహరికోటకి, తుపాను చెన్నై దగ్గర దాటితే డేంజరు, ఒంగోలు వైపు దాటితే తక్కువ. అంతేనా?"

అంతే. నలభై నిమిషాలు నేను చెప్పింది అమ్మ ఒక్క లైన్‌లో చెప్పేసింది. ఉదాహరణకి 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ తీరానికి విపరీతమైన వాన తెచ్చింది గానీ తీరం దాటిన చోటు చాలా ఉత్తరాన. అదే 1984 నవంబర్‌లో వచ్చిన తీవ్ర తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. కాబట్టి "అక్కడ ఏం కాదు" అని అమ్మకి నేను చెప్పలేదు. బ్యారియర్ ఐలాండ్ అంటేనే మొదటి దెబ్బ తినే గోడ. ఇంకో విషయం కూడా చెప్పాను. నేల వైపు నుంచి గాలి వీస్తే సముద్రం తగ్గొచ్చు గానీ, వెనకున్న లోతులేని సరస్సు నీళ్ళు దీవి పడమటి ఒడ్డు మీదకి రావచ్చు. దీవికి రెండు వైపులా నీళ్ళే కదా.

1977కీ ఇప్పటికీ ఏంటి తేడా?

అమ్మ రెండో ప్రశ్న: "మరి ఇప్పుడేం మారింది?"

మారింది ఒక్కటే, కబురు. అమ్మ వాళ్ళకి ఆ రాత్రి నీళ్ళు గడప దాకా వచ్చేవరకు ఏం వస్తోందో తెలియదు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు పదివేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ అదే తీరానికి వచ్చింది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు, చనిపోయినవాళ్ళు పదుల్లో ఉన్నారు. సముద్రమేం మారలేదు, ముందుగా తెలియడం వల్లే అంత తేడా.

వేరే దేశంలోనూ ఇదే కథ. హ్యూస్టన్‌లో చదివే మన తెలుగు పిల్లలు వీకెండ్‌కి వెళ్ళే గాల్వెస్టన్ కూడా బ్యారియర్ ఐలాండే. 1900 సెప్టెంబర్ 8న హరికేన్ వస్తే అక్కడ వేల మంది చనిపోయారు. తర్వాత వాళ్ళు సముద్రానికి గోడ కట్టారు, ఊరు ఊరంతా ఎత్తు పెంచారు. అయినా ఇప్పటికీ హెచ్చరిక వస్తే ఖాళీ చేయాల్సిందే. గోడ ఉందని కూర్చోరు.

మన దగ్గర ఈ హెచ్చరికలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసా? తుపాను సంగతి వాతావరణ శాఖ చెప్తుంది. శ్రీహరికోటలోనే డాప్లర్ రాడార్ ఉంది. సునామీ హెచ్చరిక కేంద్రం మాత్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే సంస్థలో ఉంది. 2004 సునామీ తర్వాత పెట్టారు, 2007 నుంచి పనిచేస్తోంది. అమ్మకి ఇది చెప్తే "మన ఊళ్ళోంచేనా?" అని రెండుసార్లు అడిగింది. ఎందుకో ఆ ఒక్క పాయింట్ తనకి కొంచెం ధైర్యం ఇచ్చింది.

మీ ఫోన్‌లో ఈ మూడు యాప్‌లు ఉంచుకోండి. వాతావరణానికి మౌసమ్, పిడుగులకి దామిని, అన్ని రకాల విపత్తు హెచ్చరికలకి సచేత్. మూడూ ప్రభుత్వానివే, ఫ్రీ. లొకేషన్ పర్మిషన్ ఇవ్వండి, నోటిఫికేషన్ మ్యూట్ చేయకండి. క్రికెట్ స్కోర్ మ్యూట్ చేసినా పర్లేదు.

మేం ఏం డిసైడ్ చేశాం?

చెల్లి వెళ్తోంది. అమ్మే ఒప్పుకుంది, కానీ కండిషన్లతో. ఈ కండిషన్లు ఏ కొత్త ఊరికి వెళ్ళేవాళ్ళకైనా పనికొస్తాయి, రాసుకోండి.

ఒకటి, మొదటి సంవత్సరం లాంగ్ అగ్రిమెంట్ లేదు. దీవి లోపల క్వార్టర్ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు కాబట్టి ముందు సూళ్లూరుపేటలో అద్దె ఇల్లు. ఒక పూర్తి ఈశాన్య రుతుపవనం అక్కడ గడిపాకే ఫ్రిజ్, బీరువా లాంటి పెద్ద సామాను.

రెండు, గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓనర్‌ని అడగొద్దు, ఎదురు కిరాణా కొట్టు అన్నని అడగండి: "వరదొచ్చినప్పుడు నీళ్ళు ఎందాకా వచ్చినాయన్నా?" ఆయన గోడ మీద చేత్తో చూపిస్తాడు. ఆ చెయ్యి ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

మూడు, నీళ్ళ టెస్ట్ మే నెలలో, ముంపు సంగతి నవంబర్‌లో తెలుసుకోవాలి. మంచి సీజన్‌లో చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నాలుగు, హెచ్చరిక వస్తే ఎక్కడికి వెళ్ళాలో ముందే ఫిక్స్ చేసుకోవాలి. చెల్లికి తిరుపతిలో పిన్ని ఉంది. రెడ్ అలర్ట్ వస్తే, డ్యూటీలో ఉంటే ఆఫీస్ చెప్పినట్టు చేయాలి, లేకపోతే పిన్ని వాళ్ళింటికి. "చూద్దాంలే" అనే మాట ఉండకూడదు. ఇది అమ్మ కండిషన్, నో డిస్కషన్.

ఐదు, ఊరిని గౌరవించడం. అక్కడ చెంగాళమ్మ గుడి ఉంది, కాళంగి ఒడ్డున. ఇస్రో చైర్మన్లు ప్రయోగానికి ముందు వెళ్ళి దండం పెట్టుకునే గుడి. ఆ గుడికి తలుపులు ఉండవు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. జాలర్లు, ఆటోవాళ్ళు, టీచర్లు, ఇంజినీర్లు అందరూ అక్కడ కనిపిస్తారు. నాలుగు మాటలు కలిపితే ఊరి గురించి గూగుల్ చెప్పనివి తెలుస్తాయి.

పోయిన ఆదివారం అబిడ్స్ రోడ్డు మీద పాత పుస్తకాల దగ్గర చెల్లికి ఒక స్కూల్ అట్లాస్ కొనిచ్చాను, గోడకి అంటించుకోవడానికి. అమ్మ సామాను సర్దుతూ బ్యాగ్ అడుగున ఒక నైలాన్ తాడు పెట్టింది. ఎందుకమ్మా అంటే, ఆ రాత్రి బతికినవాళ్ళలో కొందరు తాటిచెట్లకి కట్టేసుకునే బతికారట. చెల్లి నవ్వలేదు. తాడు తీసి పక్కన పెట్టలేదు కూడా. పైన బట్టలు సర్దుకుంది.

సరే ఫ్రెండ్స్, ఇదీ సంగతి. మీలో ఎవరైనా తీరం దగ్గరకి జాబ్‌కి, చదువుకి వెళ్తుంటే, లేదా ఆల్రెడీ సూళ్లూరుపేట, తడ, శ్రీసిటీ వైపు ఉంటుంటే, మీ వీధిలో నీళ్ళు ఎందాకా వచ్చాయో కామెంట్‌లో రాయండి. కొత్తగా వచ్చేవాళ్ళకి అది మా వీడియోకంటే ఎక్కువ పనికొస్తుంది. నవంబర్‌లో వాన టైమ్‌లో నేను మళ్ళీ వెళ్తున్నాను, ఆటో అన్నకి మాటిచ్చాను. అది ఇంకో ఎపిసోడ్. అప్పటిదాకా జాగ్రత్త, బై.